తలంటు బండి

చిట్టికి పెళ్ళీడుకొచ్చిన కొడుకున్నాడు, మోకాళ్ళ నొప్పులు అప్పుడప్పుడూ పలకరించి పోతున్నాయి, జుట్టుకి తనే రంగు వేసుకుంటుంది కాబట్టి ఎంత నెరిసిందో పైకి తెలియదు. అయినా ఇంట్లో ఆమె ఇప్పటికీ చిట్టే. నాలుగు వీధుల్లో మాత్రం తలంటు చిట్టి. అది వెక్కిరింపు కాదు, చేసే పనిని బట్టి వచ్చిన పేరు. మంచం దిగలేని ముసలమ్మలు, తుంటి విరిగిన పెద్దమనుషులు, పసిబిడ్డను కాసేపు పక్కన దించే తీరిక లేని తల్లులు, ఇలాంటివాళ్ళ గుమ్మం ముందు తన బండి ఆపుతుంది. మెల్లగా లోపలికి ఎక్కించి, వాలుకుర్చీలో పడుకోబెట్టి, మెడ కింద తొట్టి అమర్చి, గోరువెచ్చటి నీళ్ళతో తలంటి, ఆరబెట్టి, దువ్వి పంపిస్తుంది.

అంతకుముందు ఆమె ఒక పార్లర్‌లో పనిచేసేది. అక్కడ కత్తెర పట్టినవాళ్ళకి అద్దం ముందు చోటుంటుంది, పేరుంటుంది. చిట్టిది వెనకగదిలో తొట్టి. అయితేనేం? తొట్టిలో తల వాల్చాక ఎంత గొప్పవాళ్ళైనా కళ్ళు మూసుకోవలసిందే, కళ్ళు మూతపడ్డాక నోరు తెరవవలసిందే. ఎవరి కోడలు ఎలాంటిదో, ఎవరి మొగుడు ఎంత గురక పెడతాడో అంతా ఆమె చెవిన పడేది. నోట్లో నువ్వుగింజ నానని జనం మధ్య ఈమె నోట్లో బస్తాల కొద్దీ నువ్వులు నానుతుండేవి.

ఆ పార్లర్‌కి ఏళ్ళ తరబడి వచ్చే ఒక పెద్దావిడ మెట్ల మీద జారి మంచాన పడింది. తల దురదతో పిచ్చెక్కిపోతున్నాను, ఒక్కసారి రావే అని కబురు పెడితే చిట్టి బకెట్టు, మగ్గు పట్టుకుని వెళ్ళింది. తల తడిసింది, దిండు తడిసింది, పరుపు తడిసింది, పరుపు కింద ఆవిడ దాచుకున్న పాత ఫొటోలూ తడిశాయి. పెద్దావిడ పల్లెత్తు మాట అనలేదు గానీ చిట్టి ప్రాణం ఉసూరుమంది. మంచం దగ్గరికి నీళ్ళు తీసుకుపోవడం కాదు, నీళ్ళున్న గదినే గుమ్మం దగ్గరికి తీసుకుపోవాలని ఆవేళే పట్టుబట్టి కూర్చుంది.

ఊళ్ళు తిరిగి తిరిగి విసిగిపోయిన ఒక జంట తమ క్యాంపర్ వ్యాను అమ్ముతున్నారంటే వెళ్ళి చూసి కొనేసింది. చిన్న సింకు, బెంచీ కింద నీళ్ళ ట్యాంకు, ఆ నీళ్ళు తోడే బుల్లి మోటారు, గ్యాస్ గీజరు, అన్నీ ఉన్న కదిలే ఇల్లది. మంచం పీకించి వాలుకుర్చీ బిగించింది. లారీ నడిపే భర్త నెలలో ఎక్కువ రోజులు రోడ్ల మీదే ఉంటాడు. ఇంటికొచ్చిన రోజుల్లో ఆయనే ఆమెకు బండి నేర్పాడు. నేర్పిన పుణ్యానికి మొగుడూ పెళ్ళాల మధ్య కొన్నాళ్ళు మాటల్లేవనుకోండి, అది వేరే సంగతి.

ఊరంతా మెచ్చుకుంది. మెచ్చుకోనిదల్లా ఒక్క అక్క. చిట్టి కన్నా పదేళ్ళు పెద్దది, తల్లి నూనె కొట్లో కూర్చుంటే చెల్లెల్ని చంకనేసుకుని పెంచిన మనిషి. బండి చూడగానే నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది.

"ఇదేంటే? చక్రాల బాత్రూమా?"

"ఒకసారి ఎక్కి చూడక్కా."

"నాకు కాళ్ళున్నాయి. మా ఇంట్లో బాత్రూముంది. నీ దాంట్లోకి నేనెందుకు ఎక్కుతానే?"

అన్నట్టే ఎక్కలేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు పెద్దలు. చిట్టి రచ్చ సులువుగానే గెలిచింది, ఇంటి దగ్గరే ఓడిపోయింది. ముక్కూమొహం తెలియని వాళ్ళు సైతం ఆమె చేతిలో తల పెట్టి హాయిగా నిద్రపోతుంటే, తనకు తలంటడం నేర్పిన మనిషి మాత్రం బండి మెట్టు తొక్కలేదు. ఆ ముల్లు చిట్టి మనసులో ఉండిపోయింది.

అలాంటి అక్కకి తలనొప్పులు మొదలయ్యాయి. ఎండ అంది, కళ్ళజోడు అంది, మీ బావ వాగుడు అంది. చివరికి డాక్టర్లు తలలో గడ్డ ఉందన్నారు, తియ్యాలన్నారు, తీశారు. చెడ్డ గడ్డ కాదని తేలేదాకా ఇంటిల్లిపాదికీ ముద్ద దిగలేదు. చిట్టి పని మానేసి ఆసుపత్రిలోనే ఉండిపోయింది. బండి అక్కావాళ్ళ ఇంటి ముందు ఊరికే నిలబడి ఉండేది. వెనక కిటికీ దగ్గర వాననీళ్ళు కారుతున్నాయని బావతో మాటవరసకి అంటే, "నేను చూస్తాలే" అన్నాడాయన.

బావ లీకుల మేస్త్రి. మేడల మీద, స్నానాల గదుల్లో, గోడల సందుల్లో నీళ్ళు కారే చోటు కనిపెట్టి జిగురులాంటి సిలికాన్‌తో మూసెయ్యడం ఆయన వృత్తి. వృత్తి అంటే తక్కువ చెప్పినట్టు, అదొక జబ్బు. పెళ్ళికి ముందు మొదటిసారి ఇంటికొచ్చినప్పుడు పిల్లని చూడకుండా పైకప్పులో చెమ్మ చూశాడని అక్క ఇప్పటికీ దెప్పుతుంది.

అక్క ఇంటికొచ్చింది. కుట్లు విప్పారు. తల కడుక్కోవచ్చమ్మా, కడుక్కోవాలి కూడా అన్నారు. కానీ ఆసుపత్రిలో తలకి కట్టుకున్న ముదురు గోధుమరంగు స్కార్ఫు మాత్రం ఆమె విప్పలేదు. పడుకున్నా అదే, లేచినా అదే. నర్సు తప్ప ఆ తలని ఎవరూ చూడలేదు. భర్త గదిలోకి వస్తే చెయ్యి ముందు స్కార్ఫు మీదికి పోయేది. పలకరించడానికి వచ్చేవాళ్ళకి తలుపు తియ్యొద్దంది. వీధిలో ఎవరి మీదైనా ఈగ వాలితే కిటికీలోంచి కేకేసే మనిషి, కిటికీ తెర వేసుకుని కూర్చుంది. బావ ఇంట్లో పిల్లిలా తిరిగేవాడు. చిట్టికి అది చూస్తే ఆపరేషన్ కన్నా ఎక్కువ భయమేసింది.

అలా ఉండగా ఒకరోజు పొద్దున్నే ఫోను.

"చిట్టీ, నీ చక్రాల బాత్రూంలో చోటుందా?"

"నీకు లేకపోవడమేంటక్కా!"

"మా వీధిలో వద్దు. మనిషి కంటపడని చోటికి తీసుకెళ్ళు. ఇంకో మాట విను. ఒక్కసారే విప్పుతాను. సరిగ్గా కుదిరిందా సరే. లేదంటే మళ్ళీ కట్టేసుకుంటాను. ఆ తర్వాత విప్పమని నువ్వు గానీ మీ బావ గానీ నన్నడగొద్దు."

అక్క మాటంటే మాటే. చక్రాల బాత్రూమన్న ముక్క మీద అన్నేళ్ళు నిలబడ్డ మనిషికి స్కార్ఫు ఒక లెక్కా? ఇవాళ కుదరాలి, అంతే. చిట్టి తువ్వాళ్ళు ఉతికినవే మళ్ళీ ఉతికింది. పసిపిల్లలకి వాడే మెత్తటి షాంపూ తెచ్చింది. ఆసుపత్రి రోజులనుంచీ వాడని ట్యాంకు నింపడానికి గొట్టం పెడితే నీళ్ళు లోపలికి పోకుండా ఎగదన్ని ముఖాన కొట్టాయి. ఈ కుళాయికి ఇవాళ పొగరెక్కువైందని తిట్టుకుంటూ, ధార తగ్గించి ఓపిగ్గా నింపింది. పాపం, కుళాయి ఏం చేసింది?

మూతబడిన ఐసు ఫ్యాక్టరీ వెనక ఖాళీ స్థలంలో బండి ఆపారు. చుట్టూ పిచ్చిమొక్కలు, పెచ్చులూడిన పొడవాటి గోడ, మనిషన్నవాడు లేడు. ఇల్లు లేదు, కుళాయి లేదు. తోడొచ్చిన బావని మెట్టు మీద, వీపు ఇటు పెట్టి కూర్చోమంది అక్క. ఆయన బుద్ధిగా గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. గోడలో పగుళ్ళు లెక్కపెట్టుకుంటూ ఉంటాడని చిట్టి అనుకుంది.

అక్క వాలుకుర్చీలో కూర్చుని చాలాసేపు స్కార్ఫు ముడి పట్టుకుని ఉంది. తర్వాత ఒక్కసారిగా లాగేసింది.

ఎడమ చెవి పైనుంచి నడినెత్తి దాకా గీసేసిన చోట పొట్టి వెంట్రుకలు మొలుస్తున్నాయి, నడిమధ్యన వంకరగా కుట్ల గీత. మిగతా సగంలో పొడుగు జుట్టు మందుతో, చెమటతో ఉండలు కట్టి అంటుకుపోయింది. చిట్టి ఎన్ని తలలు చూడలేదు! రాలినవి, కాలినవి, పేలు పట్టినవి. కానీ ఇది అక్క తల. అయినా ముఖం మామూలుగానే పెట్టుకుంది.

"బాగానే ఉందే," అంది.

"అబద్ధాలు తర్వాత ఆడుదువు గానీ, ముందు నీళ్ళు పొయ్యి."

స్విచ్చి వేసింది. మోటారు గుర్రుమంది, గీజరు అంటుకుంది, చేతి షవర్‌లోంచి వెచ్చటి నీళ్ళు ధారాళంగా వచ్చాయి. చిట్టి ముందు మణికట్టు మీద పోసుకుని చూసి, అరచేత్తో కుట్ల గీతని కాస్తూ మెల్లమెల్లగా తడిపింది. అక్క భుజాలు కిందికి దిగాయి. ఉండలు నానాయి. షాంపూ వేసి వేళ్ళ కొసలతో రుద్దుతుంటే అక్క కళ్ళు మూసుకుని, "హమ్మయ్య," అంది. ఆ ఒక్క మాటకి చిట్టి కడుపు నిండిపోయింది. ఇంకేముంది, నురగ కడిగితే అయిపోయింది అనుకుంది.

అనుకున్నామని జరగవు అన్నీ. కడగడం మొదలుపెట్టిన కాసేపటికే ధార సన్నబడింది. మోటారు గుర్రు మానేసి మూలగడం మొదలుపెట్టింది. ధార సన్నబడేసరికి గీజరు ఆరిపోయి నీళ్ళు చల్లబడ్డాయి.

"అబ్బా!" అక్క ఉలిక్కిపడింది. "ఐసు ఫ్యాక్టరీ మూతబడిందన్నావు కదే?"

"ఒక్క నిమిషం అక్కా. షవర్ చిల్లులు పూడినట్టున్నాయి." చిట్టి షవర్ తల విప్పి దులిపింది. విప్పిన గొట్టంలోంచి కూడా నీళ్ళు చుక్కచుక్కగానే వస్తున్నాయి. అంటే షవర్ తప్పు కాదు. వంగి బెంచీ కింద పైపు తడిమింది. ఎక్కడా మెలిపడలేదు, నలగలేదు. బ్యాటరీ చూద్దామని లైటు వేస్తే ధగధగలాడుతూ వెలిగింది.

మెట్టు మీదనుంచి బావ గొంతు వినిపించింది. "ఏమైంది చిట్టీ?"

"నీళ్ళు రావట్లేదు బావా."

"లీకైతే కాదు!" అన్నాడాయన గోడకేసి చూస్తూనే, చాలా ధీమాగా. "వెంట్రుక దూరే సందు లేదు ఈ బండికి. నేను చూశానుగా. మోటారు పోయుంటుంది."

అక్క తల మీద నురగ అలాగే ఉంది. కుట్ల మీద సబ్బు ఎక్కువసేపు ఉంచొద్దని డాక్టరు మరీ మరీ చెప్పాడు. మోటారు ముందు చిన్న జాలీ ఉంటుంది, ట్యాంకులో నలకలేమైనా ఉంటే అక్కడ ఆగుతాయి. దాని మూత విప్పింది. మామూలుగా అది విప్పితే నీళ్ళు కారి చీర కుచ్చిళ్ళు తడుస్తాయి, అందుకే ఎప్పుడూ కింద గుడ్డ వేసుకుంటుంది. ఇవాళ చుక్క కారలేదు సరికదా, జాలీ దగ్గర ఏదో ఈల వేసినట్టు గాలి లోపలికి పోయింది. అప్పుడైనా బుర్ర వెలగాలా వద్దా? కంగారులో ఉన్నవాళ్ళకి కళ్ళెదుట ఉన్నది కనపడదు. జాలీలో ఇసుక రేణువులు నాలుగుంటే కడిగి బిగించి, స్విచ్చి వేసింది.

నీళ్ళు బ్రహ్మాండంగా వచ్చాయి.

"వచ్చాయక్కా! జాలీయే!" అని సంబరపడిపోయింది. అక్క మళ్ళీ తల వాల్చింది. పొడుగు జుట్టు వైపు నురగ సగం పోయిందో లేదో, ధార మళ్ళీ సన్నబడింది, మోటారు మళ్ళీ మూలిగింది. చిట్టికి ఏడుపొచ్చింది. నమ్మించి గొంతుకోయడమంటే ఇదే.

అక్క కళ్ళు తెరిచింది. చెయ్యి చాపి, ఒళ్ళో ఉన్న స్కార్ఫు అందుకుంది.

"పోనీలేవే. తువ్వాలుతో తుడిచెయ్. కట్టేసుకుంటాను."

కోప్పడి ఉంటే చిట్టి తట్టుకునేది. అక్క అలా మెత్తగా అనేసరికి తట్టుకోలేకపోయింది. "కట్టావంటే ఊరుకోను," అంది, ఎన్నడూ లేనిది అక్క మీద గొంతు లేపి. "నువ్వు కదలకు. ట్యాంకు నిండా నీళ్ళున్నాయి. మోటారు లేకపోతే పీడాపోయె, బకెట్టుతో పట్టుకొస్తా."

బండి కింద ట్యాంకు ఖాళీ చేసే కుళాయి ఒకటుంది. మోకాళ్ళు కలుక్కుమంటున్నా బకెట్టుతో కిందికి దూరి కుళాయి తిప్పింది. భళ్ళున పడ్డాయి. మరుక్షణం ధార తగ్గింది. గుడ్ అని చప్పుడు చేసి ఆగింది. మళ్ళీ గుడ్ అంది, నాలుగు చుక్కలు పడ్డాయి, ఆగింది. బకెట్టు అడుగు కూడా నిండలేదు.

చిట్టి అక్కడే వెల్లకిలా పడుకుని కుళాయిని చూస్తూ ఉండిపోయింది. ఇక్కడ మోటారుతో పని లేదు, జాలీతో పని లేదు. పైన అన్ని నీళ్ళున్నాయి, కింద నోరు తెరిచి ఉంది, పల్లానికి పారడానికి నీళ్ళకి ఏం రోగం? జన్మలో ఇంత విడ్డూరం చూడలేదు. ధూళి కొట్టుకుపోయిన ముఖంతో బండెక్కి అక్క ముందు నిలబడింది.

"నిండా నీళ్ళున్నాయక్కా. అడుగున తిప్పినా రావట్లేదు. గుడ్ గుడ్‌మని ఆగిపోతోంది. నాకేం అర్థం కావట్లేదు."

అక్క వేళ్ళు స్కార్ఫు మీద ఆగాయి.

"ఏమని ఆగుతోంది?"

"గుడ్ గుడ్‌మని."

"ముందు భళ్ళున వచ్చి, తర్వాత గుడ్‌మంటోందా?"

"అవును."

అక్క నురగ తలతోనే చెల్లెలి వైపు తిరిగింది. "ఒసే మొద్దూ, డబ్బాకి ఒక్క బెజ్జమే పెట్టావటే?"

చిట్టికి అమ్మ నూనె కొట్టు కళ్ళ ముందు నిలిచింది. కొత్త డబ్బా రాగానే అక్క మేకూ రాయీ పట్టుకుని మూత మీద ఈ మూల ఒక బెజ్జం, ఆ మూల ఒక బెజ్జం కొట్టేది. ఒకసారి తానే కొడతానని చిట్టి మారాం చేసి, ఒక్క బెజ్జం కొట్టి డబ్బా వంచింది. నూనె కాస్త దూకి, గుడ్ గుడ్‌మని ఆగిపోయింది. అక్క నెత్తిన ఒక్కటిచ్చి, నూనె బయటికి రావాలంటే గాలి లోపలికి పోవాలే, డబ్బాకి కూడా ఊపిరాడాలే అని చెప్పి రెండో బెజ్జం కొట్టించింది. ఆ దెబ్బ ఇన్నేళ్ళకి మళ్ళీ తగిలినట్టయింది.

ట్యాంకుకీ రెండో బెజ్జం ఉంది! బండి అమ్మినాయన ఆనాడే చూపించాడు. బయట, నీళ్ళు పోసే మూత పక్కన, చిటికెనవేలు పట్టేంత గాలి రంధ్రం. ఇందులో పురుగు గూడు కట్టకుండా చూసుకో అమ్మా అని కూడా చెప్పాడు. చిట్టి ఒక్క గెంతులో బండి దిగి అటు పరుగెత్తింది. మోకాళ్ళు గుర్తే లేవు.

రంధ్రం లేదు.

పురుగు గూడు కాదు, మట్టి కాదు, అసలు రంధ్రమే లేదు. అక్కడ రేకు నున్నగా, బండి రంగులోనే, తల్లి కడుపులోంచి అలాగే పుట్టినట్టుంది. చిట్టి వేలితో తడిమింది. మెత్తగా తగిలింది.

"ఇక్కడ ఒక బెజ్జం ఉండాలి," అంది పైకే.

గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు, బావ మెట్టు మీదనుంచి లేచి నిలబడ్డాడు. "ఏ బెజ్జం? ఆ చిన్నదా? దానికేం పని? వాన నీళ్ళు పోతాయనీ..."

"బావా!"

"రంగు కూడా కలిపి పూశానే. కనపడనే కనపడదు," అన్నాడు, గొంతు నీరుగారిపోతూ.

చిట్టికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తిట్టడానికి తీరిక లేదు. నీళ్ళు పోసే మూతలో తాళంచెవి పెట్టి తిప్పింది. రాలేదు. ఆ మూతకీ ఆయన కొత్త రబ్బరు వేశాడట! ఇద్దరూ కలిసి పట్టి లాగారు. "ఉస్స్" మని గాలి లోపలికి పోయింది. అలా పోతూనే ఉంది, పోతూనే ఉంది, ఎంతసేపు బిగబట్టుకుందో ఏమో. లోపలికి పీక్కుపోయిన ట్యాంకు గోడ టప్పుమని మామూలైంది.

"మూత మళ్ళీ పెట్టకుండా ఇక్కడే నిలబడండి," అని బావకి చెప్పి చిట్టి లోపలికి ఉరికి స్విచ్చి వేసింది.

మోటారు గుర్రుమంది. గీజరు భగ్గున అంటుకుంది. ధార వచ్చింది, వెచ్చబడింది. ఆమె ఊపిరి బిగబట్టి చూస్తూనే ఉంది. తగ్గలేదు. నురగంతా కరిగి తొట్టిలోకి జారిపోయింది. తగ్గలేదు. కుట్ల గీత శుభ్రంగా, గులాబిరంగులో బయటపడింది. ఇంకా తగ్గలేదు. చిట్టి కళ్ళలోంచి నీళ్ళు కారి అక్క నుదుటి మీద పడ్డాయి.

"ఏంటే, ఇప్పుడు ఎక్కువయ్యాయా నీళ్ళు?" అంది అక్క కళ్ళు తెరవకుండా.

"ఊరుకో అక్కా."

"నేనేమన్నానే? వెనకవైపు ఇంకోసారి రుద్దు. దురద చంపేస్తోంది. గట్టిగా రుద్దు, నేను నీకు రుద్దినట్టు."

"నువ్వు రుద్దితే నాకు తోలు లేచిపోయేది."

"లేచినా మళ్ళీ వచ్చిందిగా!"

చిట్టి ట్యాంకులో సగం నీళ్ళు పోసింది ఆ తలకి. గుండెల మీదనుంచి బండరాయి దించినట్టుంది. ఎన్నో తలలు కడిగింది గానీ, ఒక తల కడగడం ఇంత హాయిగా ఉంటుందని ఆమెకు ఇన్నాళ్ళూ తెలియదు.

బయట మూత పట్టుకుని నిలబడ్డ బావ, తెరిచిన కిటికీ పక్కనుంచి మెల్లగా మాట్లాడటం మొదలుపెట్టాడు. ఎవరూ అడగలేదు.

"ఆపరేషన్ రోజు నన్ను ఇంటికి పొమ్మన్నారు. ఇక్కడ మీరు చేసేదేం లేదన్నారు. ఇంట్లో కూర్చుంటే నాకు ఊపిరాడలేదే. ఏదో ఒకటి చెయ్యాలి కదా! చిట్టి కిటికీ అంది. కిటికీ మూశాను. అయిపోయింది. ఇంకా ఫోను రాలేదు. ఇంకో సందు మూశాను. ఫోను రాలేదు. కనపడిన బెజ్జమల్లా మూసుకుంటూ పోయాను. ఆ గాలి బెజ్జం మూస్తుండగా చిట్టి ఫోను చేసింది, నువ్వు కళ్ళు తెరిచావని."

చిట్టి చెయ్యి అక్క తల మీద ఆగిపోయింది.

"మీకు ఊపిరాడలేదని, దానికీ ఊపిరాడకుండా చేశారన్నమాట," అంది అక్క. అంటూనే నవ్వడం మొదలుపెట్టింది. తొట్టిలో తల పెట్టుకుని, కడుపు పట్టుకుని నవ్వింది. ఆసుపత్రికి వెళ్ళిన దగ్గర్నుంచి ఆ నవ్వు ఎవరూ వినలేదు. బయట బావ కూడా నవ్వాడు గానీ, అది నవ్వులా వినపడలేదు.

తువ్వాలుతో తుడవడం అయ్యాక చిట్టి అద్దం ఇచ్చింది. అక్క ముందు పొడుగు జుట్టు వైపు చూసుకుంది. తర్వాత ధైర్యం తెచ్చుకుని అటు తిప్పింది. పొట్టి వెంట్రుకల మీద అరచేత్తో నిమురుకుంది.

"ఏమండీ," అని పిలిచింది. "లోపలికి రండి. ఇటు తిరిగే రండి."

బావ అప్పటికే బ్లేడుతో తను పూసిన, లోపల ఇంకా పచ్చిగానే ఉన్న సిలికాన్ గీకి, గాలి రంధ్రం మళ్ళీ తెరిచాడు. మెట్టెక్కి గుమ్మంలో నిలబడ్డాడు. మొదటిసారి చూస్తున్నాడు. ఏదైనా పగులు చూసేటప్పుడు చూసినట్టే మెడ వంచి, దగ్గరికొచ్చి, కుట్ల గీతని ఈ చివరనుంచి ఆ చివరదాకా చూశాడు. చిట్టి భయపడింది. ఈయన ఏం వాగుతాడో, అంతా మొదటికొస్తుందేమోనని.

"పనితనం బాగుంది," అన్నాడు బావ. "నేనైనా ఇంత నున్నగా మూయలేను."

అక్క ఆయన వంక చూసింది. చేతుల నిండా సిలికాన్ జిగురు, గోళ్ళ సందుల్లో రంగు, చొక్కా మీద పెచ్చులు.

"ఆ చేతులతో నా బండిలో ఏదీ ముట్టుకోకండి బావా," అంది చిట్టి, తువ్వాలు కోసం అటూ ఇటూ చూస్తూ. ఉతికి తెచ్చిన తువ్వాళ్ళన్నీ తడిసిపోయాయి.

అక్క ఒళ్ళోంచి స్కార్ఫు తీసి ఆయనకి అందించింది.

"దీంతో తుడుచుకోండి."

బావ దాన్ని పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. "ఇది నీకు..."

"తుడుచుకోండి అంటుంటే!" అని గదమాయించింది అక్క. చెల్లెలి వైపు తిరిగి, "నువ్వెళ్ళి ముందు సీట్లో అద్దం దించవే. గాలికి తల ఆరబెట్టుకుంటూ పోతాను. మా వీధి గుండానే పోనివ్వు," అంది.

బావ ఒక్కో వేలూ మెల్లగా తుడుచుకున్నాడు. జిగురు పట్టి ఆ స్కార్ఫు ఇక దేనికీ పనికిరాకుండా పోయింది.